పెద్ద కింగ్‌స్నేక్‌ను వెతకడం, కొలవడం, అది ఏం తిన్నదో తెలుసుకోవడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్‌కి పాముల ఫొటోలు రావడం మొదలవుతుంది. "అన్నా, పెరట్లో కట్లపాము! ఆరడుగులుంది!" అని ఒకరు, "ఇది నిజంగానే రాటిల్ స్నేక్‌ని (తోక గలగలలాడించే విషపాము) మింగేస్తుందా?" అని ఇంకొకరు. కరోలినాల నుంచీ, జార్జియా నుంచీ, అటు కాలిఫోర్నియా నుంచీ మనవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు కనబడగానే మనకు కట్లపామే గుర్తొస్తుంది. ఆ భయం ఊళ్లో ఉన్నప్పుడే ఒంటబట్టింది మరి. కానీ అమెరికా అడవుల్లో కట్లపాము లేదు. మీరు చూసింది చాలావరకు కింగ్‌స్నేక్. దానికి విషం లేదు.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. పెద్ద కింగ్‌స్నేక్‌ను ఎక్కడ, ఎప్పుడు వెతకాలి, దొరికితే అబద్ధం లేకుండా ఎలా కొలవాలి, దాన్ని ఇబ్బంది పెట్టకుండా ఏం తిన్నదో ఎలా తెలుసుకోవాలి అన్నవే ఇందులో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. కింగ్‌స్నేక్ వేరు, కింగ్ కోబ్రా వేరు. విశాఖ మన్యంలో గిరినాగు అని పిలిచేది కింగ్ కోబ్రాని. అదీ పాముల్నే తింటుంది, పేరులో 'కింగ్' రావడానికి కారణమూ అదే. పోలిక అక్కడితో సరి. గిరినాగు కాటుకి మనిషి ప్రాణం పోతుంది, మన దేశంలో దానికి చట్టం కింద గట్టి రక్షణ కూడా ఉంది. కింద రాసినవాటిలో ఒక్కటి కూడా సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు ప్రయత్నించకండి.

'పెద్దది' అంటే ఎంత?

ఈస్టర్న్ కింగ్‌స్నేక్ మామూలుగా 3 నుంచి 4 అడుగులు పెరుగుతుంది. న్యూజెర్సీ దక్షిణ భాగం నుంచి ఫ్లోరిడా దాకా ఉండేది ఇదే. 5 అడుగులు దాటితే నలుగురికీ చెప్పుకోదగ్గ పాము. ఈ జాతిలో నమోదైన రికార్డు 208.3 సెంటీమీటర్లు, అంటే 6 అడుగుల 10 అంగుళాలు. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ ఇంకా చిన్నది. రెండున్నర నుంచి మూడున్నర అడుగులు మామూలు, 4 అడుగులు దాటితే పెద్దదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒకప్పుడు ఈ పాములన్నిటినీ ఒకే జాతిగా లెక్కపెట్టేవారు. 2009లో పైరన్, బర్‌బ్రింక్ అనే శాస్త్రవేత్తలు వాటిని ఐదు జాతులుగా విడదీశారు. పాత పుస్తకంలో 'కింగ్‌స్నేక్ 6 అడుగులు దాటుతుంది' అని చదివి, శాన్ హోసే పెరట్లో ఆరడుగుల పాము కోసం చూస్తే కనబడదు. ఆ కొలత తూర్పు పాముది.

కావలసినవి

- మడమ పైదాకా వచ్చే బూట్లు, పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. ఇవి పాముల కోసం కాదు, టిక్‌ల (రక్తం పీల్చే పిడుదుల) కోసం, పాయిజన్ ఐవీ (ఒంటికి తగిలితే దద్దుర్లు తెప్పించే తీగ) కోసం. ఇన్నేళ్లలో పాము వల్ల నేను ఆసుపత్రికి వెళ్లలేదు. టిక్ వల్ల వెళ్లాను.
- స్నేక్ హుక్, అంటే చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర. రేకులూ చెక్కలూ ఎత్తడానికే దీని అవసరం ఎక్కువ.
- మందపాటి తోలు గ్లోవ్స్, వాటితో పాటు వాడి పారేసే రబ్బరు గ్లోవ్స్ కొన్ని.
- పామును వేసి తూచడానికి పాత దిండు గలీబు ఒకటి. కుట్లు ఊడిపోకుండా ఉండాలి. ఇంట్లో అడిగి తీసుకోండి, తర్వాత దిండుకి మాత్రం తొడగొద్దు.
- దర్జీ టేపు, కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగ్ త్రాసు.
- హెడ్‌ల్యాంప్, నీళ్లు, చార్జింగ్ నిండుగా ఉన్న ఫోన్.
- నోట్‌బుక్, పెన్సిల్. చెమట చేతులకీ వానకీ పెన్ను పనికిరాదు.
- పది శాతం బ్లీచ్ కలిపిన నీళ్ల సీసా. పాములకు ఫంగస్ జబ్బు ఒకటి వ్యాపిస్తోంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే ముందు హుక్‌నూ బూట్ల అడుగులనూ దీంతో కడగాలి.

1. ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి

ఇది బోరు కొట్టే పనే, కానీ దాటేయకండి. జార్జియాలో విషం లేని స్థానిక పామును అనుమతి లేకుండా పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. టెక్సస్‌లో రోడ్డు పక్కన పాముల్ని పట్టాలంటే హంటింగ్ లైసెన్సుతో పాటు దాని మీద ప్రత్యేకంగా ఒక స్టాంపు కొనాలి, వెలుగు పడితే మెరిసే జాకెట్ వేసుకోవాలి. నేషనల్ పార్కుల్లో చూడటం, ఫొటో తీయడం వరకే. హుక్‌తో కదిలించినా తప్పే.

ప్రైవేటు స్థలమైతే యజమానిని అడగండి. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. 'ఇది కాపర్‌హెడ్ విషపాముల్ని తినే పాము' అని చెబితే కాఫీ కూడా ఇస్తారు. అడగకుండా కంచె దాటితే ఏ క్షణాన తుపాకీ ఎదురవుతుందో చెప్పలేం. వీసా మీద ఉన్నవాళ్లకు ట్రెస్‌పాసింగ్ కేసు ఒక్కటి చాలు, కావలసినంత టెన్షన్.

పట్టుకునే అనుమతి లేకపోతే నిరుత్సాహపడకండి. ముట్టుకోకుండా ఫొటో నుంచే పొడవు తీసే పద్ధతి 7వ మెట్టులో ఉంది.

2. గుర్తుపట్టడం నేర్చుకోండి

ఈస్టర్న్ కింగ్‌స్నేక్ నిగనిగలాడే నలుపు. దాని మీద సన్నటి తెల్లటి లేదా పసుపు గీతలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు దీన్ని 'చెయిన్ కింగ్‌స్నేక్' అంటారు. పొలుసులు నున్నగా ఉంటాయి, పెదవుల మీద తెల్లటి మచ్చలుంటాయి. తలకీ మెడకీ పెద్ద తేడా కనిపించదు.

తికమక పడేది వీటితోనే:

- బ్లాక్ రేసర్: ఒంటి మీద గీతలుండవు, పెద్ద కళ్లు, గడ్డం కింద తెలుపు. మిమ్మల్ని చూడగానే బాణంలా పారిపోతుంది. కింగ్‌స్నేక్‌కి అంత తొందర ఉండదు.
- ర్యాట్ స్నేక్: వీపు పొలుసుల మధ్యలో సన్నటి గట్టు ఉంటుంది. చెట్లు బాగా ఎక్కుతుంది.
- కాటన్‌మౌత్: విషపాము. మొద్దు ఒళ్లు, గరుకు పొలుసులు, మెడ నుంచి విడిగా కనబడే వెడల్పాటి తల. నీటి పక్కన వెతుకుతారు కాబట్టి ఇది తప్పకుండా ఎదురవుతుంది.
- ఇండిగో స్నేక్: జార్జియా దక్షిణాన, ఫ్లోరిడాలో 'ఏడడుగుల కింగ్‌స్నేక్ చూశాను' అని ఎవరైనా అంటే నాకు ముందు అనుమానం దీని మీదే. అమెరికా స్థానిక పాముల్లో అన్నిటికన్నా పొడుగైనది, ఇదీ పాముల్ని తింటుంది. 1978 నుంచి ఫెడరల్ చట్టం రక్షణలో ఉంది, ముట్టుకోకూడదు.

సరిచూసుకోవడం: పాము పోయి కుబుసమే దొరికిందనుకోండి, మంచిదే. నడుం దగ్గర అడ్డంగా పొలుసుల వరసలు లెక్కపెట్టండి. ఈస్టర్న్ కింగ్‌స్నేక్‌కి సాధారణంగా 21 ఉంటాయి, ఇండిగోకీ రేసర్‌కీ 17. తర్వాత తోక మొదట్లో, మలద్వారం మీద ఉండే పొలుసు చూడండి. కింగ్‌స్నేక్‌కి అది ఒకే ముక్క. రేసర్‌కీ ర్యాట్ స్నేక్‌కీ రెండుగా చీలి ఉంటుంది.

3. పామును కాదు, తిండిని వెతకండి

నాకు ఇది అర్థమవడానికి మూడేళ్లు పట్టింది. మొదట్లో 'పాములు ఎక్కడుంటాయి?' అని అడవంతా తిరిగేవాణ్ని. చిన్నవే కనబడేవి. పాము బతికినన్నాళ్లూ ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. అది పెద్దదవాలంటే రెండే కావాలి: ఏడాది పొడుగునా తిండి, చాలా ఏళ్లు ఎవరి చేతా చావకుండా ఉండే చోటు. ఆ రెండూ కలిసే చోటుని వెతకాలి. ఇంకో సంగతి, ఈ పాముల్లో ఆడవాటి కన్నా మగవే పెద్దవిగా పెరుగుతాయి. ఆడదాని కోసం మగవి ఒకదాన్నొకటి మెలేసుకుని పోటీపడతాయి.

తూర్పున అలాంటి చోట్లు:

- చెరువు గట్లు, కాలువ గట్లు, చిత్తడి నేలకీ పొడి నేలకీ మధ్య అంచు. నీటి పాములు, తాబేళ్లు, ఎలుకలు మూడూ అక్కడ దొరుకుతాయి.
- నీటి పక్కన ఎండ తగిలే ఇసుక దిబ్బలు. తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే.
- కూలిపోయిన పాత పశువుల కొట్టాలు, రేకులు పడి ఉన్న పొలాల అంచులు.
- ఫ్లోరిడాలో ఒకిచోబీ సరస్సు దక్షిణాన ఉన్న చెరకు తోటల కాలువ గట్లు. చెరకు, కాలువ, ఎలుకలు అనగానే గోదావరి జిల్లాలవాళ్లకు ఇంక వివరించక్కర్లేదు.

కాలిఫోర్నియాలో అయితే గడ్డి కొండలు, ఓక్ చెట్ల కింద రాళ్లు, వాగుల పక్కన పడి ఉన్న చెక్కలు.

పాత పుస్తకం చూసి పరుగెత్తకండి. ఫ్లోరిడాలోని పెయిన్స్ ప్రెయిరీలో ఒకప్పుడు కింగ్‌స్నేక్‌లు విరివిగా ఉండేవి. తర్వాత దాదాపు కనబడకుండా పోయాయి. ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలా చోట్ల ఇదే కథ. గత రెండు మూడేళ్లలో ఎవరైనా చూశారా అన్నది కనుక్కున్నాకే వెళ్లండి.

4. కాలం, వేళ

ఈస్టర్న్ కింగ్‌స్నేక్ పగటి పాము. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా మంచి కాలం. గాలి ఉష్ణోగ్రత 65 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉన్న రోజు, ముందు రోజు వాన పడి పొద్దున ఎండ కాస్తే ఇంక ఆలోచించకండి, బయల్దేరండి. ఉదయం 8 నుంచి 11 వరకు, మళ్లీ సాయంత్రం 5 తర్వాత తిరగండి. మధ్యాహ్నం తిరిగితే దొరికేది వడదెబ్బే.

ఎండలు ముదిరాక కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ రాత్రి తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు పొద్దు గుంకాక రెండు మూడు గంటలు, వాహనాలు తక్కువగా ఉండే రోడ్డు మీద కారులో నెమ్మదిగా వెళ్తూ చూడొచ్చు. కారు ఆపితే రోడ్డు దిగి ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి. పామును చూసిన ఉత్సాహంలో వెనక వచ్చే ట్రక్కును మరిచిపోయేవాళ్లున్నారు.

5. రేకు ఎత్తే పద్ధతి

పాములు పడి ఉన్న రేకుల కింద, ప్లైవుడ్ కింద వెచ్చదనం కోసం చేరతాయి. ఎత్తడం తేలికగానే అనిపిస్తుంది, ప్రమాదమంతా కూడా ఇక్కడే.

రేకు అవతలి అంచుకి హుక్ తగిలించి మీ వైపుకి ఎత్తండి. అప్పుడు రేకు మీకూ పాముకీ మధ్య గోడలా నిలబడుతుంది. ఇవతలి అంచు పట్టుకుని ఎత్తితే మీ కాళ్లే పాముకి ఎదురుగా ఉంటాయి. కింద కాపర్‌హెడ్ ఉండొచ్చు, బ్లాక్ విడో సాలీడు ఉండొచ్చు. అందుకే చేతివేళ్లు ఎప్పుడూ రేకు కిందికి పోకూడదు.

చూశాక రేకుని ఉన్నది ఉన్నట్టు, అదే గుంటలో పెట్టండి. పాము ఇంకా కిందే ఉంటే ముందు దాన్ని పక్కకి జరిపి, రేకు పెట్టాక అంచు దగ్గర వదలండి, తనే దూరిపోతుంది. రేకుల్ని తిరగేసి వదిలేసి పోయేవాళ్ల మీద నాకు వల్లమాలిన కోపం. ఒక్కసారి కింద తేమ ఆరిపోయిందంటే ఆ చోటికి మళ్లీ పాము రావడానికి నెలలు పడుతుంది.

ఇంకో మార్గం: యజమాని ఒప్పుకుంటే మీరే నాలుగు ప్లైవుడ్ ముక్కలు చెరువు గట్టు మీద పరిచి రండి. చలికాలంలో పరిస్తే వసంతానికి తయారవుతాయి. వారానికి ఒకసారికి మించి ఎత్తకండి.

6. కనబడ్డాక

ఆగండి. ముందు ఫొటో, తర్వాతే మిగతావి. దూరం నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తల పక్క నుంచి ఒకటి.

పాము ఏదైనా మింగుతూ ఉంటే పదిహేను అడుగులు వెనక్కి జరిగి కూర్చోండి. కడుపు ఉబ్బి ఉన్నా, కళ్ల మీద పాలపొర కప్పినట్టున్నా పట్టుకోవద్దు. ఆ పొర కుబుసం విడవబోతున్న గుర్తు, అప్పుడు దానికి సరిగా కనబడదు. ఉబ్బిన కడుపు సంగతి నా చేతి మీదుగానే తెలుసుకున్నాను. సౌత్ కరోలినాలో ఒక చెరువు గట్టు మీద లావుపాటి కింగ్‌స్నేక్‌ను ఆత్రంగా ఎత్తాను. అది రెండుసార్లు మెలికలు తిరిగి, సగం అరిగిన నీటి పామును నా బూటు మీద కక్కేసింది. ఆ వాసన కారులో వారం ఉంది. వాసన పోయింది కానీ ఆ పాము కష్టపడి సంపాదించుకున్న తిండి నా వల్ల పోయిందన్న బాధ మిగిలింది.

అనుమతి ఉండి పట్టుకుంటే రెండు చేతులతో ఒంటిని మోస్తూ పట్టుకోండి. తోక పట్టి వేలాడదీయకండి. తోక ఆడిస్తుంది, కంపు ద్రవం వదులుతుంది, కరిచి నములుతుంది కూడా. కరిస్తే లాగకండి, పళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. నిదానంగా వదిలించి సబ్బుతో కడిగితే చాలు. మొత్తం పని అయిదు నిమిషాల్లో అయిపోవాలి.

కరిచింది కింగ్‌స్నేక్ కాదు, విషపాము అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఉంగరాలు, గడియారం తీసేసి 911కి ఫోన్ చేయండి. కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, మన సినిమాల్లో చూసినవేవీ చేయకండి.

7. కొలవడం

మూరెడు పాము మన నోట్లో పడితే బారెడు అవుతుంది. భయంలో అందరికీ అంతే. నేను నాలుగేళ్ల కిందట 'ఖచ్చితంగా ఆరడుగులు' అని ముగ్గురికి మెసేజ్ పెట్టిన పాము, టేపు పెట్టాక 4 అడుగుల 7 అంగుళాలు తేలింది. అప్పటి నుంచి కళ్లతో చూసిన కొలత నోట్‌బుక్‌లో రాయను.

ముట్టుకోకుండా, ఫొటో పద్ధతి. నేను ఎక్కువగా వాడేది ఇదే.

అ) పాము నిలకడగా ఉన్నప్పుడు దాని పక్కనే, అదే నేల మట్టం మీద టేపుని ఒక అడుగు మేర పరవండి. దగ్గరికి పోలేకపోతే పాము పోయాక, ఫోన్ కదపకుండా, అదే చోట టేపు పెట్టి రెండో ఫొటో తీయండి.

ఆ) ఫోన్‌ను నేలకి సమాంతరంగా, నిట్టనిలువుగా పై నుంచి పట్టుకుని తీయండి. పక్క నుంచి తీసిన ఫొటో కొలతకి పనికిరాదు.

ఇ) ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాంలో ఫొటో తెరవండి. టేపు మీది అడుగుని స్కేలుగా చెప్పి, ముక్కు నుంచి తోక చివర దాకా వెన్ను మధ్యగా చిన్న చిన్న ముక్కలుగా గీత గీయండి. మొత్తం పొడవు అదే లెక్కగట్టి ఇస్తుంది.

సరిచూసుకోవడం: మూడుసార్లు గీయండి. మూడింటికీ మధ్య అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే ఫొటో వంకరగా ఉన్నట్టే. అసలు మొదటిసారి వెళ్లే ముందు ఇంట్లోనే బట్టలారేసే తాడుని అయిదడుగులకు కోసి, పాములా మెలికలు తిప్పి నేల మీద వేసి ఫొటో తీసి కొలవండి. తాడు అయిదడుగులు రాకపోతే పాము కూడా నిజం చెప్పదు.

చేతిలో పట్టుకుని. ఇద్దరుండాలి. ఒకరు పామును వదులుగా ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు టేపుని వెన్ను వెంట నడిపించాలి. రెండు అంకెలు రాయండి. ముక్కు నుంచి మలద్వారం దాకా ఒకటి, తోక చివర దాకా ఇంకొకటి. తోక తెగిన పాములు చాలా ఉంటాయి, అందుకే మొదటిదే నమ్మకమైన అంకె. పామును లాగి సాగదీయకండి. వెన్నుకి దెబ్బ, పైగా కొలత కూడా తప్పుతుంది.

బరువు. గలీబుతో సహా తూచి, గలీబు బరువు తీసేయండి. పాము లోపల మూత్రం పోస్తే గలీబు బరువు మారుతుంది. అందుకే ఖాళీ గలీబుని తర్వాత కూడా ఒకసారి తూచండి. తిన్న పాము బరువుని తినని పాము బరువుతో పోల్చకండి.

ఎక్కువగా జరిగే తప్పులు మూడు. కుబుసాన్ని కొలిచి అదే పాము పొడవు అనుకోవడం మొదటిది. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది, పాము కన్నా బాగా పొడుగ్గా ఉంటుంది. రెండోది, పామును హుక్ మీద కెమెరా వైపుకి చాచి, మనిషి వెనక నిలబడి ఫొటో దిగడం. అలా తీస్తే వానపాము కూడా కొండచిలువలా కనబడుతుంది. మూడోది, రోడ్డు మీద బండి తొక్కిన పామును కొలిచి రికార్డు అనడం. నలిగిన ఒళ్లు సాగి ఉండొచ్చు. రాసుకోండి, కానీ పక్కన 'చచ్చినది' అని తప్పకుండా రాయండి.

8. ఏం తిన్నదో తెలుసుకోవడం

ఈ పాముల మెనూ పెద్దది. ఎలుకలు, బల్లులు, తొండల్లాంటివి, పిట్టలు, పిట్ట గుడ్లు, తాబేలు గుడ్లు, ఇతర పాములు. ఆ పాముల్లో కాపర్‌హెడ్, కాటన్‌మౌత్, రాటిల్ స్నేక్ కూడా ఉన్నాయి. ఈ మూడింటి విషాన్నీ తట్టుకునే శక్తి కింగ్‌స్నేక్ రక్తంలో ఉంది. అలాగని ప్రపంచంలో ఏ విషమూ దాన్ని ఏమీ చేయదనుకోకండి. కోరల్ స్నేక్ విషం వేరే రకం, దాని ముందు ఈ రక్షణ అంతగా పనిచేయదు.

తనంత పొడుగున్న పామును ఎలా మింగుతుందని అడుగుతారు. ప్రయోగశాలలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు తమకన్నా పొడుగైన కార్న్ స్నేక్‌లను కూడా మింగాయి. మింగిన పాము కడుపులో మడతలు మడతలుగా, అకార్డియన్ పెట్టెలా సర్దుకుంటుంది. బలం సంగతికొస్తే, 2017లో పెన్నింగ్, మూన్ అనే పరిశోధకులు కింగ్‌స్నేక్‌లనూ ర్యాట్ స్నేక్‌లనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. కండలు ఇంచుమించు సమానమే, కానీ చుట్టుకుని నొక్కే ఒత్తిడి కింగ్‌స్నేక్‌దే ఎక్కువ. స్ప్రింగులా వరస తప్పకుండా చుట్టుకోవడమే దాని కిటుకు. రాటిల్ స్నేక్ కూడా కింగ్‌స్నేక్ వాసన తగిలితే కాటుకి దిగదు. తల నేలకి ఆనించి, నడుం వంతెనలా పైకి లేపి దాంతో కొడుతుంది. కాటు పనిచేయదని దానికీ తెలుసన్నమాట.

మీరు తెలుసుకోవడానికి మార్గాలు, నమ్మకం ఎక్కువున్న వరసలో:

అ) కళ్లారా చూడటం. మే చివరి నుంచి జూన్ దాకా, వాన వెలిసిన పొద్దున, చెరువు పక్కన తాబేళ్లు తవ్విన ఇసుక దగ్గర కూర్చోండి. నేను చూసిన వాటిలో మరిచిపోలేనిది అక్కడే దొరికింది. మొదట నేలలో పాతిన నల్లటి రబ్బరు గొట్టం అనుకున్నాను. తల ఇసుకలో ఉంది, ఒళ్లు మాత్రం బయట. నిమిషానికోసారి మెడ దగ్గర ఒక ఉబ్బు బయల్దేరి మెల్లగా వెనక్కి జరిగేది. ఒకటి, రెండు, మూడు... అయిదు దాకా లెక్కపెట్టాను. ఒక్కసారి తల బయటికి తీసి, ముక్కు మీది ఇసుకతోనే నాలుక ఆడించి, మళ్లీ లోపల దూర్చింది. గుడ్డు చిదమలేదు, కొరకలేదు. దొంగతనం ఎంత శుభ్రంగా చేయొచ్చో చూపించింది.

పాము పామును మింగుతుంటే వీడియో తీయండి, కనీసం నాలుగు ఫొటోలైనా తీయండి. ఎక్కువగా తల వైపు నుంచే మొదలుపెడుతుంది కాబట్టి, తోక మిగిలి ఉండగానే దాన్ని దగ్గరగా ఫొటో తీయండి. తర్వాత అది ఏ పామో చెప్పేది ఆ తోకే.

ఆ) మలం. గలీబులో ఉంచినప్పుడు చాలాసార్లు వదిలేస్తుంది. రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి, సాల్మొనెల్లా (విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా) ఉంటుంది. పాత టీ జల్లెడలో వేసి నీళ్లతో కడగండి. ఆ జల్లెడ మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. వెంట్రుకలు మిగిలితే ఎలుక జాతి. పొలుసులు మిగిలితే పాము లేదా బల్లి, భూతద్దం పెట్టి చూడండి. గుడ్లను ఈ దారిలో పట్టుకోవడం కష్టం. కాబట్టి 'మలంలో లేదు, గుడ్లు తినదు' అనుకోవద్దు.

ఇ) కడుపు ఉబ్బు. పొట్టిగా గుండ్రంగా ఉంటే ఎలుకో పిట్టో, వరసగా ముడులు ఉంటే గుడ్లు, పొడవునా సమానంగా లావెక్కితే పాము. ఇది ఊహే. నోట్‌బుక్‌లో కూడా 'ఊహ' అనే రాయండి. వేళ్లతో నొక్కి చూడటం అనుమతి, శిక్షణ ఉన్న పరిశోధకుల పని, మనది కాదు.

అక్కడ దొరికే తిండే ఈ పాము తిండి. స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా దీవిలో జరిగింది చూడండి. పెంపుడు కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు కొన్ని అక్కడ బయటపడ్డాయి. ఆ దీవిలో తప్ప ఎక్కడా లేని పెద్ద బల్లుల్ని తింటూ సంతానాన్ని పెంచుకున్నాయి. పాములు స్థిరపడిన చోట ఆ బల్లులు తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి. పెంచుకుని విసుగొచ్చిన పామును 'పాపం' అని అడవిలో వదలొద్దనేది ఇందుకే.

9. రాసుకోవడం, పంచుకోవడం

ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవుల ఫొటోలు పంచుకునే వెబ్‌సైటు) పెట్టండి, నిపుణులు జాతిని సరిచూస్తారు. కానీ చోటుని 'అబ్‌స్క్యూర్డ్' (కచ్చితమైన చోటు దాచేది) అని మార్చండి. ఫొటోలో రోడ్డు బోర్డు, చెరువు పేరు, ఇంటి నంబరు కనబడకుండా చూడండి. ఫోన్ లొకేషన్ ముందే ఆపేయండి. పెద్ద కింగ్‌స్నేక్ ఉందని తెలిస్తే వారం తిరగకముందే ఎవరో ఒకరు సంచితో వస్తారు.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది, కావాలంటే ఇదే నమూనా వాడుకోండి:

'మే 24. ఉదయం 9:40. 74 డిగ్రీలు, రాత్రి వాన. చెరువు తూర్పు గట్టు, ఇసుక. ఈస్టర్న్, మగది అనుకుంటున్నాను. ఫొటో కొలత 5 అడుగుల 1 అంగుళం (మూడుసార్లు: 61, 61, 60 అంగుళాలు). ముట్టుకోలేదు. తాబేలు గుడ్లు, చూసినవి అయిదు. 10:25కి గడ్డిలోకి వెళ్లిపోయింది. టిక్‌లు మూడు, నా మీద.'